బోసికాళ్లు

తెలుగులో బోసి అని ఒక మాటుంది. పళ్లు లేని నోరు బోసినోరు. అంతవరకూ బాగానే ఉంది. కానీ గొలుసు లేని మెడ కూడా బోసిమెడే, కమ్మల్లేని చెవులు బోసిచెవులే, కడియాలో పట్టీలో లేని కాళ్లు బోసికాళ్లే. పళ్లు ఒంట్లోంచి మొలుస్తాయి. కడియం కంసాలి కొలిమిలోంచి వస్తుంది. రెండూ లేకపోవడాన్ని భాష ఒకే లోటుగా లెక్కేసింది. మగవాళ్ల కాళ్లని బోసికాళ్లు అనగా నేనెప్పుడూ వినలేదు.

నన్ను ఈ మాట మొదట అన్నది మా అవ్వ. బెంగళూరు నుంచి సెలవులకి బెళుగుప్ప పోతే, గడపలో అడుగుపెట్టగానే ఆమె నా ముఖం కంటే ముందు కాళ్లు చూసేది. "ఏం మే, బోసికాళ్లతో తిరుగుతాండావు? పట్టీలు యాడ పెడితివి?" అనేది. అడిగే మనిషి కాళ్లూ బోసివే. కాకపోతే చీలమండల పైన చుట్టూతా ఒక గాడి ఉండేది. వేలు పట్టేంత వెడల్పు. అక్కడ చర్మం నల్లగా, నున్నగా, కాయగాచి, చుట్టూ ఉన్న ఒంటికంటే కొంచెం లోపలికి దిగి ఉండేది. చిన్నప్పుడు నేను ఆ గాడిలో వేలు పెట్టి గుండ్రంగా తిప్పేదాన్ని. చక్కిలిగింత పెడుతున్నానని కాలు లాక్కునేది.

"ఇది ఎట్లయింది అవ్వా?"

"కడియాలుండె. ఇరవై ఏండ్లు."

"నొప్పి పుట్టలేదా?"

"ఏసుకున్నప్పుడు ఏం నెప్పి మే. తీసినప్పుడే నెప్పి."

ఈ మాటలోని రెండో సగం నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

*

కొన్నేళ్ల క్రితం బెంగళూరులో ఒక లైబ్రరీలో ఆధునిక నగల చరిత్ర మీద ఒక బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాను. ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫొటోలో ఒక చెయ్యి ఉంది. దాని మీద నగ ఏమీ లేదు. చర్మంలోకి నొక్కుకుపోయిన సన్నటి గీత మాత్రం చుట్టూ ఉంది. కింద ఉన్న వివరం ప్రకారం నగ ఆ గీతే.

అది హైస్ బాకర్ అనే డచ్ కళాకారుడు 1973లో చేసిన పని. సన్నటి బంగారు తీగని చేతికి, కాలికి, నడుముకి బిగుతుగా చుట్టి, తీసేసి, మిగిలిన అచ్చుని ఫొటో తీశాడు. వాటికి నీడ నగలు అని పేరు పెట్టాడు. బంగారం విలువ, మెరుపు, తూకం అన్నీ పక్కన పెడితే నగ చేసే పని ఏమిటి? ఒంటిని నొక్కడం. ఆ పని ఒక్కటే చూపిస్తే చాలదా అని ఆయన అడిగినట్టనిపించింది.

బాకర్, ఆయన భార్య ఎమీ ఫాన్ లేర్సుమ్ కలిసి అంతకుముందే నగల లోకాన్ని ఒక కుదుపు కుదిపారు. 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో వాళ్లు చేసిన పెద్ద పెద్ద అల్యూమినియం కంటెలు వేసుకుని మోడల్స్ నడిచారు. పొయ్యి గొట్టాన్ని కోసి మెడకి తొడిగినట్టుండేవి కొన్ని. అవి వేసుకుంటే తల వంచడం కుదరదు, భుజం మీదుగా వెనక్కి చూడటం కుదరదు. ధరించే శిల్పం అనే మాట ఇలాంటి పనుల చుట్టూనే వాడుకలోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1940 ప్రాంతంలో ఇత్తడితో ఒక హారం చేశాడు. భుజాల మీదుగా మేకుల్లాంటి మొనలు పైకి లేచి ఉంటాయి. వేసుకున్న ఆడమనిషి దగ్గరికి ఎవరూ రాలేరు. దాని పేరు 'అసూయపరుడైన భర్త'. 1969లో క్లోద్ లలాన్ అనే ఫ్రెంచ్ శిల్పి వెరూష్కా అనే మోడల్ ఒంటికి అచ్చు తీసి, ఈవ్ సాఁ లోరాఁ గౌన్ల మీదకి రాగి కవచాలు చేసింది. పల్చటి గౌను మీద లోహపు రొమ్ములు. అందమైన ఒళ్లు అంటే ఏమిటో చెప్పే అచ్చునే ఆడమనిషికి తొడిగి పంపినట్టుంటుంది.

ఇవన్నీ నగని ఎదురు ప్రశ్న వేసిన పనులు. మెచ్చుకోవాల్సినవే. కానీ ఆ లైబ్రరీలో నాకు గుర్తొచ్చింది మా అవ్వ చీలమండ. బాకర్ తీగ గుర్తు ఫొటో తీసేదాకా ఉండి, తర్వాత మాసిపోయి ఉంటుంది. అవ్వ కాలి గుర్తు కడియాలు పోయిన 30 ఏళ్లకి కూడా పోలేదు. ఆమెని ఎవరూ ఫొటో తీయలేదు, దానికెవరూ పేరు పెట్టలేదు. అప్పటినుంచి మా వైపు నగల చరిత్రని నేను లోహం వైపు నుంచి కాక, అది నొక్కిన ఒంటి వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను.

*

మన శిల్పాల దగ్గర మొదలుపెడదాం. అమరావతి స్తూపం పలకల మీది ఆడవాళ్లని చూడండి. సుమారు 2000 ఏళ్ల నాటి పలకలు. ఇప్పుడు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఆడవాళ్ల ఒంటి మీద బట్ట ఉందో లేదో చెప్పడం కష్టం. మొలనూలు, గాజులు, లావుపాటి కాలి కడియాలు మాత్రం స్పష్టంగా ఉంటాయి. బట్టలు లేకపోయినా ఒళ్లు బోసిగా లేదు. మా అనంతపురం సీమలోనే హేమావతిలో నొళంబుల కాలపు శిల్పాలు, లేపాక్షిలో 16వ శతాబ్దపు నాట్యమండపం స్తంభాలు చూస్తే కూడా ఇదే. కంటె ఎక్కడ ఆగిందో, మెడ ఎక్కడ మొదలైందో విడదీయలేం. ఒకే ఉలి, ఒకే రాయి.

ఆనంద కుమారస్వామి 1939లో ఆభరణం మీద రాసిన వ్యాసంలో అలంకారం అనే మాటని విప్పి చూపించాడు. అలం అంటే చాలు. అలంకరించడం అంటే చాలినంతగా చేయడం, నిండు చేయడం. అంటే అలంకారం పైపై పూత కాదు, వస్తువుని పూర్తిచేసే పని అని ఆయన వాదన. ఆలోచనగా చాలా అందంగా ఉంటుంది. కానీ దాన్నే బెళుగుప్ప వీధిలోకి తెచ్చి తిరగేస్తే బోసి అవుతుంది. అలంకారంతోనే ఒళ్లు చాలినదైతే, అది లేని ఒళ్లు చాలనిదే కదా. ఆడపిల్ల పుట్టుకతోనే కొంత తక్కువ పడి ఉంటుంది, మిగతాది కంసాలి పూర్తిచేయాలి.

ఇంకొకటి. ప్రబంధాల్లో నాయిక ఎప్పుడూ మందగమన. హంసలాగో ఏనుగులాగో మెల్లగా నడుస్తుంది. ఇంటర్‌లో ఇవి చదువుకునేటప్పుడు కవుల ఊహ అనుకునేదాన్ని. కాళ్లకి అరకిలో వెండి, నడుముకి వడ్డాణం పెట్టాక ఎవరైనా హంసలాగే నడుస్తారు. మెల్లగా నడవడం అందమని ముందు ఎవరో అనుకుని బరువు పెట్టారో, బరువు వల్ల మెల్లగా నడిచినవాళ్లని చూసి అది అందమని కవులు అనుకున్నారో నేను చెప్పలేను. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుని ఉంటాయి. అయితే రాతిలో ఒక సౌకర్యం ఉంది. రాతి కడియం రాతి కాలిని నొక్కదు. లేపాక్షిలో ఎన్ని స్తంభాలు చూసినా, నగ పక్కకి జరిగినచోట కమిలిన చర్మాన్ని చెక్కిన శిల్పి నాకు కనబడలేదు.

మా అవ్వ మందగమన కాదు. కడియాలు ఉన్నప్పుడు కూడా ఊరి నుంచి చేను దాకా అందరికంటే ముందు నడిచేదట. ఎర్రనేలలో చెనక్కాయల కలుపు తీయాలంటే కుక్కిట్లో కూర్చుని సాలు వెంట జరగాలి. అలా కూర్చుంటే కడియం చీలమండ మీద ఒరుసుకుంటుంది. చెమటా మట్టీ దాని కింద చేరి పుండవుతుంది. దానికి వేపనూనె పూసి, పాతగుడ్డ చుట్టి, గుడ్డ మీదికి కడియం జరిపి పనిలోకి పోయేవాళ్లట. పుండు మాని, మళ్లీ పుండై, మళ్లీ మాని కాయ కాసేది. శిల్పం అనేది ఎక్కడైనా చెక్కబడుతోందంటే అక్కడే చెక్కబడుతోంది. చెక్కేది నగ. రాయి స్థానంలో ఉన్నది ఆ కాలు.

*

మా వైపు ఆడవాళ్ల నగల మీద ఎగతాళి లేకపోలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎప్పుడైనా ఆ బొమ్మని చేతిలోకి తీసుకుంటే దీపానికి అడ్డంగా పట్టి చూడండి. సీత మెడలో హారం, చెవి కమ్మ, వడ్డాణం, అన్నీ చిల్లులే. మేకతోలు మీద చిన్న ఉలితో పొడిచి ముక్క తీసేస్తే, వెనక దీపం వెలుతురు అందులోంచి వచ్చి నగలా మెరుస్తుంది. తోలుబొమ్మలో నగ అంటే చర్మం లేని చోటు. చెవి కుట్టించుకున్న ఏ ఆడపిల్లకీ దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ ఆటల్లో సీతా ద్రౌపదుల మధ్య బంగారక్క వస్తుంది, కేతిగాడు, జుట్టుపోలిగాడు లాంటివాళ్లతో కలిసి. పేరులోనే బంగారం. మాట మాత్రం మోటు. సీత ఎంత అణకువగా ఉంటుందో బంగారక్క అంత గయ్యాళి. సిగ్గు, నాజూకు, మెల్లటి నడక ఇవేవీ ఆమె దరికి రావు. చిన్నప్పుడు నేను చూసిన ఒక ఆటలో బంగారక్క నగ చేయించమని కేతిగాడి వెంట పడింది. "ఒళ్లంతా చిల్లులు పొడిపించుకుంటివి గదమే, ఇంకా యాడ పెట్టేది?" అన్నాడు వాడు. జనం విరగబడి నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. ధరించే శిల్పాల మీద నేను తర్వాత చదివిన వ్యాసాలు చాలావరకు ఆ ఒక్క ముక్కనే ఇంకొంచెం మర్యాదగా చెప్పాయి.

*

ఇంతవరకూ చెప్పిందాన్ని బట్టి కడియం సంకెల లాంటిదని తేల్చేస్తే పని అయిపోతుంది. చాలామంది అలాగే తేల్చారు కూడా. గాంధీ ఎక్కడికెళ్లినా ఆడవాళ్లని నగలు ఇచ్చేయమని అడిగేవాడు. నిధి కోసమే కాదు, నగ బానిసత్వపు గుర్తు అని నమ్మి కూడా. 1921లో మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలన్నీ తీసి ఆయనకి ఇచ్చేసింది. ఆ త్యాగం గురించి గాంధీ తర్వాత ప్రత్యేకంగా రాశాడు. ఆ రోజుల్లో బోసిమెడతో నలుగురిలోకి రావడం చిన్న తెగింపు కాదు.

కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే, అది కూడా నమ్మకంగా పడని మా పీఠభూమిలో నగకి ఇంకో ముఖం ఉంది. భూమి అబ్బ పేరు మీద, ఎద్దులు అబ్బవి, ఇల్లు అబ్బ వాళ్ల నాయనది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అని ఆంధ్రప్రదేశ్ చట్టం చెప్పింది 1985 సెప్టెంబర్ నుంచి. అంతకుముందు పుట్టింటి నుంచి ఆడపిల్ల వెంట వచ్చేది ఒంటి మీద పట్టినంతే. అందుకే అది బరువుగా ఉండాలి. దొంగ లాక్కుపోకుండా, మొగుడు తాగుడికి తాకట్టు పెట్టకుండా ఉండాలంటే సులభంగా ఊడిరాకుండా ఉండాలి. కంసాలి కూర్చుని నొక్కితే తప్ప బిగుసుకోని, మళ్లీ అతను విప్పితే తప్ప రాని కడియం ఒక రకంగా తాళం వేసిన పెట్టె. పెట్టె మోసేది ఆమె, పెట్టెకి గోడ కూడా ఆమె కాలే.

కరువు వచ్చినప్పుడు ఈ పెట్టెలు తెరుచుకునేవి. 1876-78 మధ్య మద్రాసు రాజధానిలో వచ్చిన ఘోరకరువులో బాగా దెబ్బతిన్న వాటిలో బళ్ళారి జిల్లా ఒకటి. మా ప్రాంతం అప్పుడు అందులోనే ఉండేది. అనంతపురం విడిపోయి జిల్లా అయింది 1882లో. ఆ కరువు ఏళ్లలో దక్కను పల్లెల నుంచి వెండినగలు బొంబాయి టంకశాలకి కుప్పలుగా చేరాయి. కరిగితే అవి రూపాయి నాణేలయ్యాయి. విక్టోరియా తల ముద్ర పడ్డ ఆ రూపాయల్లో ఎవరి కడియం ఏ రూపాయి అయిందో కనుక్కోలేం. మ్యూజియంలలో పాత వెండినగలు చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది: ఇక్కడున్నవి కరగకుండా మిగిలినవి. మా వైపు నగల చరిత్రలో ఎక్కువ భాగం కరిగిపోయినదే.

*

కరిగిపోకముందు ఈ నగల్ని శ్రద్ధగా రాసిపెట్టినవాళ్లలో ఎడ్గార్ థర్స్టన్ ఒకడు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్. మనుషుల ముక్కులూ తలలూ పనిముట్లతో కొలిచేవాడు. దక్షిణాది కులాలూ తెగల మీద 1909లో వేసిన ఏడు సంపుటాల్లో లంబాడీ ఆడవాళ్ల గాజులూ గంటలూ పూసలూ వివరంగా కనిపిస్తాయి. ఆ పుటల్లో వేసుకున్నవాళ్లు ఏమనుకుంటారనేది మాత్రం దాదాపు ఉండదు.

మా చేలోకి చెనక్కాయలు పీకడానికి తండా నుంచి ఒకావిడ వచ్చేది. ఆమె వస్తోందంటే కనబడకముందే వినబడేది. చెంపల పక్కన జుట్టుకి వేలాడే వెండి ఘుగ్రీలు, మణికట్టు నుంచి భుజం దాకా తెల్లటి గాజులు. ఒకప్పుడు ఆ గాజులు దంతంతో చేసేవారు, తర్వాత ఎముక, ఆ తర్వాత ప్లాస్టిక్. ఆమెకి నేను చిన్నపిల్లని కాబట్టి మొహమాటం లేకుండా అడిగాను, బరువు కాదా అని. "బరువుంటేనే కదా ఉన్నట్టు" అంది. మూడేళ్ల తర్వాత సెలవుల్లో మళ్లీ చూశాను. మొగుడు పోయాడు. చెంపల దగ్గర ఘుగ్రీలు లేవు, మోచేతి పైన గాజులు లేవు. అవి ఉండిన చోట, ఎండ తగలక, చేతి చర్మం పాలిపోయిన రంగులో పట్టీలాగా ఉంది. ఆ ఏడు ఆమె రావడం మాకు వినబడలేదు. పక్కకి వచ్చి నిలబడ్డాకే తెలిసింది.

థర్స్టన్ లాంటి వాళ్ల ఫొటోలకి ఈ కాలంలో ఒక గట్టి జవాబు బెంగళూరు నుంచి వచ్చింది. పుష్పమాల ఎన్. అనే కళాకారిణి, క్లేర్ ఆర్నీ అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి 2000-2004 మధ్య దక్షిణాది 'స్థానిక స్త్రీల' మీద ఒక ఫొటోల వరుస చేసింది. రవివర్మ లక్ష్మి నుంచి కొలతల గళ్ల తెర ముందు నిలబెట్టిన తోడా స్త్రీ దాకా, అన్ని వేషాలూ తనే వేసుకుంది. చీర, నగ, కిరీటం, కొలిచే పరికరం అన్నీ ఆమె ఒంటి మీదే. దేవతగా నిలబడటమూ, నమూనాగా నిలబడటమూ ఒకేలాంటి కష్టమని ఆ రెండు బొమ్మలు పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది. రెండింటిలోనూ కదలకూడదు.

*

ఇప్పుడు అవ్వ చెప్పిన రెండో సగానికి వస్తాను.

1952 నాటి గంజికేంద్రాల కరువులో కూడా వాళ్లమ్మ ఆ కడియాలు అమ్మలేదట. కూతురి పెళ్లికని దాచింది. పెళ్లినాడు కంసాలి అవ్వ కాలికి వాటిని నొక్కాడు. గట్టి కడియాలు, జత 48 తులాలు అని తూచి, అందరి ముందూ చెప్పాడు. ఇప్పటి లెక్కలో అరకిలో దాటి. అత్తగారింట్లో ఆమెకున్న మర్యాదలో కొంత ఆ 48 తులాలదే. పెళ్లిళ్లలో ఆమె కాళ్ల వైపు చూసి, ఫలానావాళ్ల కోడలు కాళ్లు ఎంత నిండుగా ఉన్నాయో అనేవాళ్లట.

1972లో వానలు పోయాయి. దేశంలో చాలాచోట్ల పోయాయి, మా దగ్గర మొత్తం పోయాయి. ఇంట్లో రెండెద్దులున్నాయి. మేత లేదు. ఎద్దులు పోతే మళ్లీ వానొచ్చినా సేద్యం లేదు. అబ్బ అడగలేదని అవ్వ చెప్పేది. ఎద్దుల కొట్టం దగ్గర ఊరికే కూర్చునేవాడట, మూడు రోజులు. నాలుగో రోజు అవ్వే కళ్యాణదుర్గం పోదామంది.

కంసాలి నూనె పోసి, కడియం నోట్లో ఇనప కమ్మీ పెట్టి విప్పబోయాడు. ఇరవై ఏళ్లలో కాలు దాని చుట్టూ పెరిగింది. రాలేదు. చివరికి ఆకురాయితో కోయాల్సి వచ్చింది. సగం కోసేసరికి కోతలోంచి వెండిపొడి బదులు ఎర్రగా ఏదో రాలింది. లక్క. కడియాలు గట్టివి కావు, గుల్లవి. గుల్ల కడియం నొక్కుపోకుండా లోపల లక్క పోయడం కంసాలి పనిలో మామూలే. అందులో మోసం లేదు, ముందు చెప్పి చేస్తే. వాళ్లమ్మకి తెలిసి చేయించిందో, తెలియక మోసపోయిందో అడగడానికి అప్పటికి ఆమె లేదు.

కాచి లక్క కార్చాక 31 తులాలు తూగింది. అందులో తరుగు పోయింది. వచ్చిన డబ్బుతో ఒక బండి చొప్ప, మూడు మూటల జొన్నలు. ఎద్దులు బతికాయి. అవి అబ్బ ఎద్దులు. ఆ ఇంట్లో కరువు కథ ఎప్పుడు చెప్పినా అబ్బ ఎద్దుల్ని ఎట్లా కాపాడుకున్నాడో చెప్పేవాళ్లు.

"లక్క అని తెలిసినప్పుడు ఏమనిపించింది అవ్వా?"

ఆమె కాసేపు ఊరుకుని, "పదిహేడు తులాల లక్క ఊరికే మోస్తి" అంది. తర్వాత నవ్వింది. "మోసినప్పుడు మాత్రం ఎండే."

ఎండి అంటే వెండి. ఈ మాట నేను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాను. పెళ్లిలో చూసినవాళ్ల కళ్లకీ, అత్తగారి లెక్కకీ, ఒరుసుకున్న చర్మానికీ అది 48 తులాల వెండే. తూకానికి మాత్రమే కాదు. అందం అనేదాంట్లో ఎంత వెండో ఎంత లక్కో మోసేటప్పుడు తెలియదు, కోసినప్పుడే తెలుస్తుంది.

తీసినప్పటి నొప్పి కోత నొప్పి కూడా కాదని తర్వాత చెప్పింది. కళ్యాణదుర్గం నుంచి తిరిగొచ్చేటప్పుడు నడక రాలేదట. బరువుని లెక్కేసుకుని ఎత్తడం అలవాటైన కాలు, బరువు లేకపోయేసరికి అవసరానికి మించి పైకి లేస్తుంది. చదును దారిలో తట్టుకుని పడింది. చాలా నెలలు అలాగే, మెట్లు లేనిచోట మెట్టు ఎక్కుతున్నట్టు నడిచిందట. ఊళ్లో పిల్లకాయలు కొంగనడక అని ఎక్కిరించారు. పెళ్లిళ్లకి పోవాల్సి వస్తే పక్కింటి కడియాలు అడిగి తెచ్చుకునేది. అరువు సొమ్ములు బరువు చేటని సామెత. రెండుసార్లు తెచ్చుకుని మానేసింది. తర్వాత చీర కుచ్చిళ్లు కొంచెం కిందికి కట్టుకోవడం మొదలుపెట్టింది, గాడి కనబడకుండా.

నా బోసికాళ్లని ఆమె ఎందుకు అంతగా తిట్టేదో నాకు ఇప్పుడు కొంచెం తెలుసు. అందం గురించి కాదు. వెనకేసుకున్నది ఏమీ లేకుండా తిరుగుతున్నానని.

*

పోయినేడాది బెంగళూరులో ఒక ప్రదర్శనలో పాత వెండి కడియాల జత కొన్నాను. ట్రైబల్, వింటేజ్ అని రాసిన అట్ట ముక్క తగిలించి ఉంది. ఏ ఊరివో అమ్మేవాడికి తెలియదు. లోపలి వైపు బాగా అరిగి నున్నగా ఉన్నాయి. అంటే ఎవరో ఏళ్ల తరబడి వేసుకున్నారు. ఎవరి కాలి చుట్టూనో వీటి కొలతకి ఒక గాడి ఉంది, లేదా ఉండేది.

ఇంటికొచ్చి సబ్బు రాసి తొడుక్కున్నాను. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉంచుకోవాలనుకున్నాను. వంటింట్లోకి, బాల్కనీలోకి, లిఫ్టు దాకా నడిచాను. ప్రబంధ నాయికలా అయితే నడిచాను. రెండున్నర గంటలకి చీలమండ ఎముక దగ్గర మంట మొదలైంది. తీసేశాను. ఎర్రటి గీత పడింది. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను, బాకర్‌లాగా. పడుకునే వేళకి గీత పోయింది.

మా మండలంలోని జీడిపల్లి జలాశయానికి ఇప్పుడు హంద్రీ-నీవా నీళ్లు వస్తున్నాయి. మిట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అవ్వ వాటిలో మొదటివి కొన్ని చూసింది. 2010లో పోయింది, అబ్బ కంటే ముందు. ముత్తైదువగా పోయిందని ఊళ్లో ఆడవాళ్లు ఆమెకి నీళ్లు పోసి, ముఖానికీ కాళ్లకీ పసుపు రాశారు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. పసుపు తడి ఆరుతుంటే మిగతా చోట్ల పల్చబడింది. చీలమండల పైన గాడిలో మాత్రం మందంగా నిలిచిపోయింది. కాళ్లకి బంగారం పెట్టకూడదని అవ్వే చెప్పేది, లక్ష్మిని తొక్కినట్టని. ఒకావిడ తడిగుడ్డతో ఆ ఎక్కువైన పసుపు తుడవబోయింది.

ఉండనీ అన్నాను.